లేత్ మీద చెక్క గిన్నె: నా 40 సెకన్ల షార్ట్ ఎందుకు తీసేశానంటే

ఈ ఎపిసోడ్‌లో కోడింగ్ లేదు, ఫోన్ రివ్యూ లేదు. నా చేతిలో ఉన్నవి చూడండి. ఇదొక చెక్క గిన్నె, అంటే గిన్నెలో సగం. ఇదిగో రెండో సగం. నిలువునా కోసేసిన గిన్నె ఇది. నేను నా చేత్తో చేసిన మొట్టమొదటి గిన్నె. కోసింది కూడా నేనే. ఎందుకు కోశానో మధ్యలో చెబుతా.

ముందు ఇంకో సంగతి. ఈమధ్య మన ఛానెల్‌లో ఒక షార్ట్ పెట్టాను, మీలో చాలామంది చూశారు. 40 సెకన్లు. ఒక మొద్దు గిర్రున తిరుగుతూ ఉంటుంది, నేను ఉలి ఆనిస్తా, రిబ్బన్లలా పొట్టు లేస్తుంది, చివర్లో నున్నటి గిన్నె. ఇప్పుడు వెతికితే అది కనపడదు. నేనే తీసేశా.

ఎందుకంటే ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, నీ వీడియో చూసి ట్రై చేశా" అని. కింద ఫొటో. కనుబొమ్మ మీద 6 కుట్లు. ఏం చేశాడంటే, ఇంట్లో గోడకి రంధ్రాలు వేసే డ్రిల్ మెషిన్‌ని బల్లకి తాళ్లతో కట్టాడు. ఐదంగుళాల చెక్క ముక్క మధ్యలోకి ఒక బోల్టు దింపాడు. ఆ బోల్టుని డ్రిల్ నోట్లో బిగించి ఆన్ చేశాడు. ఉలి లేదు కాబట్టి పెద్ద స్క్రూడ్రైవర్‌ని సానపట్టి ఆనించాడు. రెండు నిమిషాలు కూడా గడవలేదంట.

తిట్టి ఉంటే నాకు ఈజీగా ఉండేది. తిట్టలేదు. "నేనెక్కడ తప్పు చేశా అన్నా?" అని అడిగాడు. ఆ షార్ట్ తీయడానికి నాకు పట్టింది మూడు గంటలు. అందులో గిన్నె చెక్కే పని గంట కూడా ఉండదు. మిగతాదంతా బిగించడం, చేత్తో తిప్పి చూడటం, ఉలి సానపట్టడం, ఆపడం, మళ్లీ బిగించడం. అదంతా ఎడిటింగ్‌లో లేపేశా. మొహానికి షీల్డ్ పెట్టుకున్న షాట్లు కూడా తీసేశా, నా మొహం కనపడట్లేదని. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది. కాబట్టి ఈ ఎపిసోడ్ ఆ కోసేసిన రెండు గంటల గురించి.

అసలు లేత్ అంటే ఏంటి? మీరు చిన్నప్పుడు ఆడిన బొంగరం గుర్తుందా? చపాతీ కర్ర, పప్పుగుత్తి, తాతల కాలం నాటి పందిరి మంచం కోళ్లు, ఇవన్నీ లేత్ మీద పుట్టినవే. పాత తెలుగులో ఈ యంత్రాన్ని తరిమెన అనేవాళ్లు, దాని మీద చెక్కడాన్ని తరిమెన పట్టడం అనేవాళ్లు. మామూలు వడ్రంగంలో చెక్క కదలదు, పనిముట్టు కదులుతుంది. ఇక్కడ తిరిగేది చెక్క. ఉలి ఒక ఇనుప దిమ్మ మీద ఆనుకుని ఉంటుంది. ఆ దిమ్మని టూల్ రెస్ట్ అంటారు. ఎడమ పక్క మోటారు ఉన్న తల, కుడి పక్క చెక్క రెండో కొసని నొక్కి పట్టుకునే తోక. ఈ తోక పేరు టెయిల్‌స్టాక్. ఈ పేరు గుర్తు పెట్టుకోండి, మన తమ్ముడి దగ్గర లేనిది ఇదే.

నేను దీన్ని నేర్చుకుంది టెక్సస్‌లో. ప్రాజెక్టు మీద రెండేళ్లు అక్కడ ఉన్నా. వీకెండ్ వస్తే గ్రోసరీ, బిర్యానీ, నిద్ర. అలాంటి ఒక శనివారం అపార్ట్‌మెంట్ పక్కింటాయన, రిటైర్డ్ మెకానిక్, "మా క్లబ్బుకి రా" అన్నాడు. క్లబ్బు అంటే నేనేదో ఊహించుకున్నా. వెళ్తే ఒక పెద్ద షెడ్డు, అరవై దాటినవాళ్లు ముప్పై మంది దాకా, మడత కుర్చీలు, కాఫీ, చెక్క వాసన.

అమెరికాలో ఇలాంటి క్లబ్బులు ఊరూరా ఉన్నాయి. వాటన్నిటికీ పెద్దదిక్కు లాంటిది అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ వుడ్‌టర్నర్స్. 1986లో మొదలైంది, ఆఫీసు మిన్నెసోటాలోని సెయింట్ పాల్‌లో. దాని కింద 300కి పైగా స్థానిక క్లబ్బులు. ఎక్కువమందికి ఇది వృత్తి కాదు, హాబీనే. డాక్టర్లుంటారు, స్కూల్ టీచర్లుంటారు, లారీ డ్రైవర్లుంటారు.

నెలకోసారి మీటింగ్. ఒక మూల బల్ల ఉంటుంది, ఆ నెలలో ఎవరేం చేశారో తెచ్చి దాని మీద పెడతారు. గిన్నెలు, పెన్నులు, మూత ఉన్న డబ్బాలు, బొంగరాలు. తర్వాత ఒక్కొక్కరూ లేచి తమ వస్తువు పట్టుకుని మాట్లాడతారు. నాకు వింతగా అనిపించింది ఏంటంటే, పగిలినవి కూడా తెస్తారు. నేను వెళ్లిన మొదటిరోజు ఒకాయన అడుగు ఊడిపోయిన గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. లోతు కొలవకుండా లోపల చెక్కుతూ పోయాడంట, అడుగు దాటి బయటికి వచ్చేసింది. అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. ఆ తర్వాత పావుగంట లోతు ఎలా కొలవాలి అనే దాని మీదే చర్చ. మా ఆఫీసులో సర్వర్ పడిపోతే జరిగే మీటింగులు గుర్తొచ్చాయి. అక్కడ మాత్రం ఎవరూ నవ్వరు.

ఆ తర్వాత డెమో. ఒకాయన లేత్ దగ్గర నిలబడతాడు. పైన ఒక కెమెరా, పక్కన ఒక కెమెరా, రెండు టీవీలు. అంటే వీడియోనే కదా, మరి తేడా ఏంటి అంటారా? కటింగ్ ఉండదు. రెండు గంటలు ఆయన ఏం చేస్తే అది చూడాల్సిందే. మొదటి అరగంట ఆయన మొద్దు బిగించడానికే తీసుకున్నాడు. స్విచ్ వెయ్యకముందు మొద్దుని చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పాడు, ఎక్కడైనా టూల్ రెస్ట్‌కి తగులుతుందేమోనని. స్పీడ్ నాబ్ పూర్తిగా కిందకి తిప్పాడు. ఆన్ చేసే ముందు ఒక అడుగు పక్కకి జరిగాడు. మొద్దు ఊడితే తిరిగే దారిలోనే ఎగురుతుంది, కాబట్టి ఆ దారికి ఎదురుగా మన తల ఉండకూడదు. చూసేవాళ్లు కూడా ఆ వరసలో కూర్చోరు, ఆ కుర్చీలు ముందే ఖాళీగా పెట్టారు.

ఇంకోటి, చప్పుడు. ఉలి సరిగ్గా కోస్తుంటే సన్నగా ఉస్సుమని ఒకే శ్రుతిలో వస్తుంది. పట్టు తప్పేముందు టకటకమంటుంది. ఆయన మధ్యలో ఆపి, "విన్నారా?" అని అడిగేవాడు. నా షార్ట్‌లో ఆ చప్పుడు మీద మ్యూజిక్ పెట్టేశా నేను.

పట్టు తప్పడాన్ని అక్కడ క్యాచ్ అంటారు. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దెబ్బలు ఎక్కువగా తగిలేది దీంతోనే. ఉలి అంచు వెనక ఏటవాలుగా అరగదీసిన భాగం ఉంటుంది కదా, దాన్ని బెవెల్ అంటారు. కోసేటప్పుడు ఆ ఏటవాలు చెక్క మీద జారుతూ ఉండాలి. అప్పుడు అంచు ఎంత లోతుకి దిగాలో బెవెల్ అదుపు చేస్తుంది. బెవెల్ ఆనకుండా ఉత్త అంచే చెక్కకి తగిలితే దానికి ఆపేదేమీ లేదు. తిరిగే చెక్క ఉలిని లోపలికి లాగేసుకుంటుంది. పెద్ద దెబ్బ, ఉలి చేతిలోంచి ఎగరడమో, చెక్క ఊడటమో, రెండూనో. అందుకే కొత్తవాళ్లకి మొదట నేర్పే క్రమం ఇది: ముందు ఉలిని టూల్ రెస్ట్ మీద ఆనించు, తర్వాత బెవెల్‌ని చెక్క మీద ఆనించు, ఆ తర్వాతే పిడిని మెల్లగా పైకెత్తి కొయ్యి.

చెప్పడానికి ఒక్క వాక్యం. నాకు మూడు శనివారాలు పట్టింది. పక్కింటాయన నా వెనక నిలబడి నా మోచేతిని నా నడుముకి ఆనించేవాడు. "చేత్తో కాదు, ఒంటితో తిప్పు" అనేవాడు. ఉలి పిడి నడుముకి ఆనుకుని ఉంటే మనం ఊగితే ఉలి ఊగుతుంది. ఇది యూట్యూబ్‌లో వందసార్లు చూశా, అర్థమైందనుకున్నా. ఆయన మోచెయ్యి పట్టుకున్నాకే అర్థమైంది.

ఇప్పుడు స్పీడ్. ఇక్కడ కొంచెం లెక్క చేద్దాం, బీటెక్ చదివినందుకు ఇన్నాళ్లకి పనికొచ్చింది. టర్నర్లు వాడే ఒక మోటు సూత్రం ఉంది: చెక్క వ్యాసం అంగుళాల్లో, దాన్ని ఆర్‌పీఎంతో గుణిస్తే 6,000కీ 9,000కీ మధ్య రావాలి. పదంగుళాల గిన్నెకి 600 నుంచి 900. ఐదంగుళాల ముక్కకి 1,200 నుంచి 1,800. అదీ గుండ్రంగా, ఊగకుండా ఉన్న చెక్కకి. వంకర మొద్దుకైతే ఇంకా చాలా తక్కువతో మొదలుపెట్టాలి.

మామూలు గోడ డ్రిల్ ఫుల్ స్పీడ్‌లో నిమిషానికి 3,000 చుట్ల దాకా తిరుగుతుంది. ఐదంగుళాల ముక్క ఆ స్పీడ్‌తో తిరిగితే దాని అంచు వేగం ఎంతో తెలుసా? చుట్టుకొలత 40 సెంటీమీటర్లు, సెకనుకి 50 చుట్లు, అంటే సెకనుకి 20 మీటర్లు. గంటకి 72 కిలోమీటర్లు. హైవే మీద బైక్ స్పీడ్‌తో వచ్చే చెక్క ముక్కకి మొహం ఎదురు పెట్టినట్టు.

తమ్ముడూ, ఇది వింటున్నావని తెలుసు. నువ్వడిగినదానికి జవాబు ఇప్పుడు చెబుతా. ఒకటి, ఆ స్పీడ్. రెండు, టెయిల్‌స్టాక్ లేదు, ముక్క ఒక్క బోల్టు మీద వేలాడుతోంది. మూడు, డ్రిల్ అనేది ముందుకి నొక్కే బలం కోసం తయారు చేసింది, పక్కనుంచి ఉలి తోసే బలాన్ని తట్టుకోవడానికి కాదు. నాలుగు, స్క్రూడ్రైవర్‌కి బెవెల్ అన్నదే సరిగ్గా ఉండదు, అంటే ప్రతి కోతా క్యాచ్ అవ్వడానికి రెడీగా ఉన్నట్టే. ఐదు, షీల్డ్ లేదు. ఆ ఐదోది నాలుగేళ్లుగా షీల్డ్ వాడుతూ కెమెరా ముందు దాచిపెట్టిన నా తప్పు.

బట్టల సంగతి కూడా చెప్పేస్తా. గ్లవ్స్ వద్దు. చేతులు కాపాడుకోవడానికి గ్లవ్స్ అనుకుంటాం, కానీ తిరిగే చెక్క గ్లవ్‌ని పట్టుకుంటే చేతితో సహా లాగుతుంది. పొడుగు చేతుల చొక్కా, చున్నీ, మెడలో గొలుసు, వదులు జుట్టు, ఏదీ ఉండకూడదు. తిరుగుతున్న గిన్నెకి నూనెగానీ పాలిష్‌గానీ పట్టించేటప్పుడు గుడ్డ వాడకూడదు, పేపర్ టవల్ వాడాలి. పేపర్ చిక్కుకుంటే చిరుగుతుంది, గుడ్డ చిరగదు. గరుకు కాగితంతో రుద్దే ముందు టూల్ రెస్ట్ పక్కకి తీసెయ్యాలి, లేదంటే వేళ్లు మధ్యలో ఇరుక్కుంటాయి. ఆ రుద్దడంలో లేచే సన్నటి పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, దానికి మంచి మాస్క్.

సరే, ఈ కోసిన గిన్నె కథకి వద్దాం.

నా మొదటి గిన్నె పికాన్ చెక్కతో చేశా. ఎంత మురిసిపోయానంటే వీడియో కాల్‌లో అమ్మకి చూపించా. "వచ్చేటప్పుడు తీసుకురా, పూజ గదిలో పువ్వులకి పెట్టుకుంటా" అంది. మరుసటి నెల మీటింగ్‌కి తీసుకెళ్లి బల్ల మీద పెట్టా. పక్కింటాయన దాన్ని తీసుకుని, కళ్లు మూసుకుని, వేళ్ల మధ్య గోడని పట్టుకుని అంచు నుంచి అడుగు దాకా జరిపాడు. "గోడ అంతా ఒకే మందం అనుకుంటున్నావా?" అన్నాడు. అవునన్నా. "బ్యాండ్‌సా మీద కోసి చూస్తావా?" అన్నాడు.

నాకు కోపం వచ్చింది, నిజం చెబుతున్నా. అమ్మకిస్తానన్న గిన్నె. ఆయన ఇంకేం మాట్లాడకుండా క్లబ్బు అలమరా తీశాడు. లోపల ఒక అర నిండా సగం గిన్నెలు. ఆయనవే పదకొండు. పక్కన మిగతావాళ్లవి.

కోశా. చూడండి, దగ్గరగా చూపిస్తా. అంచు దగ్గర 6 మిల్లీమీటర్లు. ఇక్కడ గోడ వంపు తిరిగి అడుగులోకి కలిసే చోట 14. అడుగు మధ్యలో 4. పైకి ఏమీ తెలీదు, నున్నగా ఉంటుంది. ఆ వంపు దగ్గర బెవెల్ ఆనించి ఉంచడం కష్టం, అందుకే కొత్తవాళ్లు భయపడి అక్కడ ఎక్కువ చెక్క వదిలేస్తారు. అడుగు 4 మిల్లీమీటర్లే అంటే, ఇంకో రెండుసార్లు ఉలి తిప్పితే నేనూ ఆ మొదటిరోజు పెద్దాయనలా అడుగు లేని గిన్నె పట్టుకునేవాణ్ణి. అమ్మకి ఇచ్చింది ఏడో గిన్నె. ఇందులో ఇప్పుడు మందారాలు ఉంటున్నాయి.

చెక్క ఎండటం గురించి కూడా తెలియాలి. పచ్చి మొద్దు మెత్తగా ఉంటుంది, చెక్కడం హాయి. కానీ ఎండేటప్పుడు చెక్క అన్ని వైపులా ఒకేలా కుంచించుకోదు. వయసు వలయాల వెంబడి కుంచించుకునేది, వలయాలకి అడ్డంగా కుంచించుకునేదానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. అందుకే గుండ్రటి గిన్నె కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది, లేదా పగులుతుంది. దీనికి టర్నర్ల ఉపాయం: మొదట మందంగా చెక్కి వదిలేస్తారు. వ్యాసంలో పదో వంతు గోడ, అంటే పదంగుళాల గిన్నెకి ఒక అంగుళం. మొద్దు కొస కనపడే వైపు మైనం పూసి, కాగితం సంచిలో పెట్టి నెలల తరబడి ఆరనిస్తారు. వంకరపోయాక మళ్లీ లేత్‌కి ఎక్కించి సరిచేస్తారు. 40 సెకన్లలో చూపించిన నా గిన్నె వయసు పది నెలలు.

టెక్సస్‌లో వాళ్లకి బంగారం లాంటి చెక్క ఒకటుంది, మెస్కీట్. ముదురు ఎరుపు గోధుమ రంగు, ఎండినా పెద్దగా కదలదు. దాని మొద్దు లాటరీలో పెడితే అందరూ చీటీలు కొంటారు. ఆకు చూసి ఎక్కడో చూశానే అనుకున్నా. మన సర్కారు తుమ్మకి దగ్గర చుట్టం అది. మనం రోడ్డు పక్కన కొట్టేసి బొగ్గులు కాల్చే సర్కారు తుమ్మ. ఆ సంగతి చెబితే క్లబ్బులో ఒకాయన నిజంగా బాధపడ్డాడు.

ఇంకో మంచి పని చూశా అక్కడ. బీడ్స్ ఆఫ్ కరేజ్ అని ఒక కార్యక్రమం ఉంది. పెద్ద జబ్బులతో ఆసుపత్రిలో ఉన్న పిల్లలకి ఒక్కో చికిత్సకి ఒక్కో పూస ఇస్తారు. ఆ పూసలు దాచుకోవడానికి మూత ఉన్న చెక్క డబ్బాలు టర్నర్లు చేసి ఇస్తారు. మా క్లబ్బులో డబ్బా మూత ఎలా చెయ్యాలో డెమో పెట్టింది దీనికోసమే. పిల్లలు ఒక్క చేత్తో తీసేలా మూత వదులుగా ఉండాలి, రెండో చేతికి సెలైన్ ఉండొచ్చు కాబట్టి, అని డెమో ఇచ్చినావిడ చెప్పింది. అప్పటిదాకా మూత బిగుతుగా టప్పుమని ఊడితేనే పనితనం అనుకునేవాణ్ణి.

"మరి మన దగ్గర?" అని కామెంట్లలో అడుగుతారు, తెలుసు. మన దగ్గర క్లబ్బుల కంటే పాత విద్య ఉంది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక. 2025 రిపబ్లిక్ డే పెరేడ్‌లో మన ఆంధ్రప్రదేశ్ శకటం చూశారు కదా, అవే బొమ్మలు. 2017లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. అంకుడు కర్ర వాడతారు, మెత్తగా తెల్లగా ఉంటుంది. చెక్క తిరుగుతుండగానే రంగు లక్క కడ్డీని దానికి నొక్కుతారు. రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది, బ్రష్ ఉండదు. తర్వాత మొగలి ఆకుతో నునుపు తెస్తారు. అక్కడ మోచెయ్యి పట్టుకుని నేర్పేది నాన్నో, మామయ్యో.

నేను అక్కడికి వెళ్లినప్పుడు నా టెక్సస్ పనితనం చూపిద్దామని ఒక ముక్క చెక్కా. ఆ పని చేసే అక్క ఒకావిడ చూసి, "చప్పుడు బాగోలేదు బాబూ, ఉలి అరిగింది" అంది. నేను చెక్కిన ముక్క వైపు తలెత్తి కూడా చూడలేదు.

మొదలుపెట్టాలనుకునేవాళ్లకి నా సలహా చిన్నది. ముందు మెషిన్ కొనొద్దు, ముందు మనిషిని వెతకండి. మీ ఊళ్లో చపాతీ కర్రలు, మంచం కోళ్లు చేసే లేత్ షాపు ఉందేమో కనుక్కోండి, ఒక పూట కూర్చుని చూస్తానని అడగండి. చాలామంది కాదనరు. మొదటి పని గిన్నె కాకుండా బొంగరమో చపాతీ కర్రో పెట్టుకోండి. చెక్క పొడుగునా పోగులు ఉంటాయి, రెండు కొసలా బిగింపు ఉంటుంది, భయం తక్కువ.

మన తమ్ముడికి కుట్లు విప్పారు. మచ్చ ఉండిపోతుందంట. ఈ ఆదివారం హైదరాబాద్ వస్తున్నాడు, మా ఫ్రెండ్ వాళ్ల షెడ్డులో నా చిన్న లేత్ ఉంది. ఇంకో ముగ్గురు కూడా వస్తామన్నారు. రెండో షీల్డ్ కొన్నా. ఆ రోజు రికార్డింగ్ మొత్తం, మొద్దు బిగించే అరగంటతో సహా, కట్ చెయ్యకుండా పెడతా. బోర్ కొడితే స్పీడ్ పెంచుకుని చూడండి, చప్పుడు వినపడే చోట మాత్రం పెంచొద్దు.